బావా, నొక్కిన మాట తెరుచుకోవాలి

రాజపాళయం,
ఆడి మాసం.

బావా,

నువ్వు పంపిన పుస్తకం పీడీఎఫ్ ఫైలు అందింది. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, బొమ్మలు చక్కగా కుదిరాయి, పేజీ అంచులు నీ పద్ధతి ప్రకారం కొలిచి పెట్టినట్టున్నాయి. అంతా బాగుంది. కానీ నీలం రంగు వేసి కింద గీత గీసిన మాటలున్నాయి చూడు, వాటిలో ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఫోన్లో నొక్కితే కదలదు, కంప్యూటర్లో నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "ఇంత కష్టపడి కూర్చి పంపితే, మెచ్చుకోలు రెండు ముక్కల్లో తేల్చేసి లింకుల మీద పడ్డాడు చూడు" అని నువ్వు అనుకుంటావని నాకు తెలుసు. పట్టిన పట్టు నేను వదలనని నీకూ తెలుసు. ఇంక మనిద్దరి మధ్య మొహమాటం దేనికి?

అయినా ముందు ఊరి కబుర్లు చెప్పకపోతే నీకు ఉత్తరం ఉత్తరంలా అనిపించదు. కొండల మీద మబ్బు దట్టంగా పట్టింది. వానంతా కొండకే పోయి మనకు గాలి మాత్రం మిగులుతుంది కదా, ఈ ఏడూ అంతే. ఆడిపూరం తేరుకు శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళాం. పుదుపాళయం వాళ్ళూ పళయపాళయం వాళ్ళూ చాలామంది కలిశారు, అడిగినవాళ్ళందరూ నిన్నే అడిగారు. "వస్తాడు, వచ్చేటప్పుడు పుస్తకం తెస్తాడు" అని చెప్పాను. పాలకోవా కొన్నాం. డాలస్ దాకా పాడవకుండా చేరదు కాబట్టి నీ పేరు తలుచుకుని మేమే తిన్నాం. అత్తయ్యకు ఈ మాట చెప్పకు, ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది.

పుస్తకం అనగానే అందరి ముఖాల్లో ఒక వెలుగు వచ్చింది, బావా. అందుకే ఇంత పట్టుగా రాస్తున్నాను. మనం దీన్ని ఎందుకు మొదలుపెట్టామో ఒక్కసారి గుర్తు చేసుకో. విజయనగరం కాలంలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన ఇళ్ళలో తెలుగు చెవి మీదే బతికింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అలుగుతారు, పోట్లాడతారు. బడికి వెళ్తే తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం చూపిస్తే గుర్తుపట్టలేని పిల్లలే ఎక్కువ. పోనీ తెలుగు మాటనే తమిళ అక్షరాల్లో రాసి ఇద్దామంటే, ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకు ఒకటి. ప, బ లకు ఒకటి. పాట, బాట ఒకే రాతలో పడతాయి. గోదాదేవిని ఎవరైనా కోదాదేవి అని చదివితే వాళ్ళ తప్పేముంది? అందుకే కదా మాట పక్కన గొంతు కూడా ఉండాలని అనుకున్నాం. బిడ్డ మాట మీద వేలు పెట్టగానే అత్తయ్య గొంతు ఆ మాట పలకాలి. ఇంకో లింకు నొక్కితే అర్థం ఉన్న పేజీకి వెళ్ళాలి. ఆ లింకులే పనిచేయకపోతే తెలుగు చదవడం వచ్చినవాళ్ళకు అది ఇంకో పుస్తకం అవుతుంది. రానివాళ్ళకు, అంటే మనం ఎవరి కోసం మొదలుపెట్టామో వాళ్ళకు, అది బొమ్మల కాగితం అవుతుంది.

కథ చూస్తే ఎంత దగ్గరి కథ! 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు ఆరు ఆశ్వాసాల్లో ఆముక్తమాల్యద రాశాడు. కలలో శ్రీకాకుళాంధ్ర విష్ణువు కనబడి తెలుగులోనే రాయమన్నాడని చెప్పుకున్నాడు. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు తులసి మాలలు కట్టిన ఊరు, గోదాదేవి పెరిగిన ఊరు మనకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆంధ్రదేశంలో చదువుకునే పిల్లలకు విల్లిపుత్తూరు ఎక్కడో దూరాన ఉన్న పుణ్యక్షేత్రం. మన పిల్లలకు బస్సెక్కితే వచ్చే ఊరు. అంత గొప్ప తెలుగు కావ్యానికి ఆధారమైన వీధుల్లో తిరుగుతూ, ఆ కావ్యం పేరు కూడా వినకుండా పెరుగుతున్నారు. నువ్వు రాసిన తేలిక మాటల కథ ఆ లోటు తీరుస్తుందని నేను మనసా నమ్ముతున్నాను. అందులోని మాలదాసరి కథ దగ్గర మా అమ్మాయి చదవడం ఆపలేకపోయింది, తెలుసా? మధ్యలో తెలియని మాట మీద మాత్రం నొక్కి నొక్కి విసిగిపోయింది.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ మాట ఎందుకు తెరుచుకోలేదు?

నువ్వేమనుకుంటున్నావంటే, మాటకు నీలం రంగు వేశాం, లింకు ఇచ్చాం, కాబట్టి లింకు ఆ మాటలోనే ఉంది అని. వర్డ్‌లో ఉన్నంతసేపు అది నిజమే. పీడీఎఫ్‌లోకి వచ్చేసరికి మాట వేరు, లింకు వేరు. పీడీఎఫ్‌లో పేజీ అంటే ఫలానా చోట ఫలానా అక్షరం గీయి అనే ఆజ్ఞల వరస. లింకు ఆ వరసలో ఉండదు. పటం మీద పారదర్శకమైన కాగితం పరిచి దాని మీద పెన్సిలుతో ఒక దీర్ఘచతురస్రం గీసినట్టు, పేజీ పైన విడిగా ఉంటుంది. ఆ చతురస్రానికి నాలుగు అంకెలు: ఎడమ అంచు, కింది అంచు, కుడి అంచు, పై అంచు. లెక్క పేజీ ఎడమ కింది మూలలో మొదలవుతుంది. అంగుళానికి 72 పాయింట్ల చొప్పున ఏ4 పేజీ 595 పాయింట్ల వెడల్పు, 842 పాయింట్ల ఎత్తు. "ఈ చతురస్రంలో వేలు పడితే ఈ అడ్రసుకు పో" అన్నదే లింకు. కింద ఏ అక్షరం ఉందో దానికి పట్టదు.

ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. నువ్వు ఫైలును ప్రింట్ ఆజ్ఞతో పీడీఎఫ్ చేశావు, అవునా? నీ అలవాటు నాకు తెలియదా! ప్రింట్ అనగానే కంప్యూటరు కాగితం మీద సిరా ఎక్కడ పడాలో ఆ ఆజ్ఞలు మాత్రమే పంపుతుంది. కాగితాన్ని ఎవరూ నొక్కరు కాబట్టి ఆ పైకాగితం అక్కడే వదిలేస్తుంది. నీలం రంగు సిరా కనుక వచ్చింది, గీత కూడా సిరా కనుక వచ్చింది. చతురస్రం సిరా కాదు కనుక రాలేదు. విండోస్‌లో ప్రింట్ టు పీడీఎఫ్ అన్నా ఇదే వరస.

"నేను ప్రింట్ కొట్టలేదు, సేవ్ యాజ్‌లోనే పీడీఎఫ్ ఎంచుకున్నాను" అంటావా? అనవచ్చు. అప్పుడు నీ మ్యాక్ సంగతి చూడాలి. మ్యాక్‌లో వర్డ్ రెండు దారులు చూపిస్తుంది. ఒకటి ప్రింటుకు అనువైనది, ఇంకోటి ఎలక్ట్రానిక్‌గా పంచుకోవడానికి అనువైనది. రెండోది మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ సేవను వాడుకుంటుందని పక్కనే రాసి ఉంటుంది. నీకు బయటి సేవల మీద నమ్మకం తక్కువ కాబట్టి మొదటిదే నొక్కి ఉంటావు. మనకు కావలసింది రెండోది. అది వద్దనుకుంటే అదే ఫైలును లిబ్రేఆఫీస్‌లో తెరిచి ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ చెయ్యి, లింకులు నిలుస్తాయి. కవరు బొమ్మలు ఇన్‌డిజైన్‌లో చేస్తున్నానన్నావు కదా, అక్కడ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైపర్‌లింక్స్ అన్న గడిలో టిక్కు పడిందో లేదో చూసుకో. ప్రింటు కోసం చేసే ఎక్స్‌పోర్ట్‌లో ఆ గడిని నువ్వే నింపాలి.

ఇంకో మాట. సంపుటి వెనక పేజీలోని వెబ్ అడ్రసులు మాత్రం నా కంప్యూటర్లో పనిచేశాయి. "చూశావా, కొన్ని పనిచేస్తున్నాయి, అంటే నీ ఫోన్‌దే లోపం" అని నువ్వు అనేలోపే చెబుతాను. అవి లింకులు కావు, బావా. అక్రోబాట్ రీడరు, క్రోమ్ లాంటివి పేజీలో వెబ్ అడ్రసులా కనబడే అక్షరాలను వాటంతట అవే పసిగట్టి, అప్పటికప్పుడు లింకుగా మార్చి చూపిస్తాయి. ఫైల్లో ఏమీ లేదు, చూపించే యాప్ చేసిన ఉపకారం అది. అదే ఫైలు ఇంకో ఫోన్లో ఇంకో యాప్‌లో తెరిస్తే ఆ ఉపకారం ఉండదు. పైగా అడ్రసు వరస చివర విరిగి కింది వరసలోకి పోయిందనుకో, యాప్ మొదటి ముక్కనే అడ్రసు అనుకోవచ్చు. నొక్కితే ఆ పేజీ లేదంటూ ఏదో కనబడుతుంది. పిల్లవాడు పుస్తకమే తప్పు అనుకుంటాడు.

వరస విరగడం అన్నాను కదా, మన తెలుగుకు ఆ బాధ ఇంకా ఎక్కువ. తెలుగు వికీపీడియాలో మన ఊరి పేజీ అడ్రసు కాపీ చేసి ఎక్కడైనా అతికించి చూడు. "రాజపాళయం" అని ఎనిమిది గుర్తులతో రాసే మాట. ర, దీర్ఘం, జ, ప, దీర్ఘం, ళ, య, సున్న. యూనికోడ్‌ను దాచే పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. వెబ్ అడ్రసులో ఒక్కో బైటును శాతం గుర్తు, దాని వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలో అంకెలో పెట్టి రాస్తారు. అంటే గుర్తుకు తొమ్మిది చొప్పున, మన ఊరి పేరు ఒక్కటే 72 అక్షరాల పొడవు తేలుతుంది. ఏ పుస్తకంలో ఏ వరస దాన్ని పట్టగలదు? "ఆ గజిబిజి ఎందుకు, అడ్రసును తెలుగులోనే పెట్టేద్దాం" అంటావేమో. పీడీఎఫ్ ప్రమాణం ప్రకారం వెబ్ లింకు అడ్రసు మామూలు ఇంగ్లీషు అక్షరాల పట్టికలోనే ఉండాలి. తెలుగులో పెడితే కొన్ని యాప్‌లు సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. కాబట్టి పొడుగాటి అడ్రసును లింకు వెనక దాచు, పేజీ మీద "రాజపాళయం" అన్న మాటే ఉంచు. ఒక లింకు మాట రెండు వరసల్లో విరిగితే రెండు చతురస్రాలు పడాలి. రెండు వరసలకూ కలిపి ఒకే పెద్ద చతురస్రం పడితే మధ్యలో ఉన్న వేరే మాటలు కూడా లింకులైపోతాయి. రెండో అధ్యాయంలో "విష్ణుచిత్తుడు" దగ్గర అలా జరగడానికి చోటుంది. ఆ మాటను విరగనివ్వకు.

పొట్టి అడ్రసులు ఇచ్చే సేవలు వాడదామని నీ పాత ఉత్తరంలో రాశావు. వద్దు బావా, ఈ ఒక్క విషయంలో నా మాట విను. గూగుల్ లాంటి సంస్థే 2009లో పొట్టి అడ్రసుల సేవ మొదలుపెట్టి, 2019లో కొత్తవి ఇవ్వడం మానేసింది. ఆ తర్వాత 2025 ఆగస్టు 25తో, చాన్నాళ్ళుగా ఎవరూ నొక్కని పొట్టి అడ్రసులను తీసేస్తున్నామని చెప్పింది. పుస్తకం అంటేనే చాన్నాళ్ళు ఎవరూ తెరవకుండా ఉండి, ఒకరోజు ఒక బిడ్డ తెరిచేది కదా? ఆ రోజు దారి ఉండాలి. మామూలు వెబ్ పేజీల సంగతీ అంతంత మాత్రమే. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళకు దొరకలేదు. కాబట్టి మనం ఎక్కడికి దారి చూపిస్తున్నామో ఆ చోటు నాలుగు కాలాలు నిలిచేది కావాలి. నిఘంటువుకు ఆంధ్రభారతి ఉంది. బ్రౌను నిఘంటువుకు షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా గ్రంథాలయం ఉంది. పాత పుస్తకాలకు, శబ్దాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. 1996 నుంచి నడుస్తున్న సంస్థ, లాభం కోసం పెట్టింది కాదు.

వేదం వెంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్య ఉన్న పాత ప్రతికి లింకు ఇచ్చేటప్పుడు ఒక సౌకర్యం వాడుకో. వెబ్‌లో ఉన్న పీడీఎఫ్ అడ్రసు చివర హ్యాష్ గుర్తు పెట్టి, పేజ్ అన్న మాట, సమానం గుర్తు, ఒక అంకె చేరిస్తే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ నేరుగా ఆ పేజీనే తెరుస్తాయి. కాకపోతే ఆ అంకె పుస్తకంలో అచ్చయిన పేజీ నంబరు కాదు, ఫైల్లో అట్ట నుంచి మొదలయ్యే లెక్క. పీఠిక ముప్పై పేజీలున్న పుస్తకంలో ఆ తేడా ఎంతో నువ్వే లెక్క చూసుకో.

శబ్దాల సంగతి. నువ్వు మాటలకు ఇచ్చిన లింకులు నీ కంప్యూటర్లో ఉన్న ఫోల్డరుకు పోతున్నాయి. నీ వర్డ్ ఫైలు కూడా తెరిచి చూశాను, ప్రతి శబ్దం లింకు వెనకా నీ ఫోల్డరు దారే ఉంది. ఎక్స్‌పోర్ట్ సరిగ్గా చేసి ఉన్నా ఇవి పనిచేసేవి కావు. డాలస్‌లో నీ బల్ల మీదున్న ఫోల్డరు రాజపాళయంలో పిల్లవాడి ఫోన్లో ఎక్కడుంటుంది? "అయితే శబ్దాన్ని పీడీఎఫ్ లోపలే పొదిగేస్తాను" అంటావు. ప్రమాణం ఒప్పుకుంటుంది, ఫోన్లలో ఉండే చాలా యాప్‌లు మాత్రం వినిపించవు. ఒకప్పుడు ఫ్లాష్ ఉపయోగించి పొదిగిన శబ్దాలూ వీడియోలూ 2020 చివర ఫ్లాష్ ఆగిపోవడంతో మూగబోయాయి. కాబట్టి ఇందాక అన్నట్టు, ప్రతి మాటనూ విడి శబ్దంగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి ఆ అడ్రసు ఇద్దాం. అవును, వినాలంటే నెట్ కావాలి. అర్థం చూడాలంటే మాత్రం అక్కర్లేదు, అది పుస్తకం లోపలే ఉంటుంది. అందుకే శబ్దం లింకు, అర్థం లింకు రెండూ విడివిడిగా ఉంచాలని పట్టుబడుతున్నాను.

ఇక వేలు. నువ్వు పెద్ద స్క్రీన్ మీద మౌసుతో చూస్తావు కాబట్టి ఇది నీకు తట్టి ఉండదు. మొన్న పక్కింటి చిన్నవాడికి ఒక పేజీ సరిగ్గా ఎక్స్‌పోర్ట్ చేసి, తిన్నె మీద కూర్చోబెట్టి ఫోన్లో ఇచ్చాను. "తులసి" నొక్కబోతే పక్క మాట తెరుచుకుంది. మళ్ళీ నొక్కితే పై వరసలోది తెరుచుకుంది. వాడు నా వంక చూసి, ఈసారి చిటికెన వేలు కొసతో గురి చూసి నొక్కాడు. లెక్క వేసి చూశాను. 12 పాయింట్ల అక్షరం అంటే అంగుళంలో ఆరో వంతు, నాలుగు మిల్లీమీటర్ల కన్నా కాస్త ఎక్కువ. ఏ4 పేజీ వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఫోన్ వెడల్పు ఇంచుమించు 70. అంటే పేజీ మూడో వంతుకు తగ్గుతుంది, అక్షరం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. వేలి కొస సెంటీమీటరు. వాడు మాత్రం ఏం చేస్తాడు? పేజీనే ఫోన్ కొలతకు దగ్గరగా చిన్నది చేసి, అక్షరం పెంచి, లింకు ఉన్న మాటలు ఒకదాని పక్కన ఒకటి రాకుండా సర్దు. వరసల మధ్య ఎడం పెంచు. చతురస్రం అక్షరానికి అతుక్కుని ఉండాలన్న నియమం లేదు కదా, అక్రోబాట్ లాంటి దాంట్లో దాన్ని పైకీ కిందికీ కొంచెం సాగదీయవచ్చు. నీ పేజీ అంచుల కొలతలు మారిపోతాయని బాధపడతావు, తెలుసు. ఆ చిన్నవాడి ముఖం చూసి ఉంటే నువ్వే మార్చేవాడివి.

అర్థాల పేజీకి వెళ్ళాక తిరిగి కథలోకి రావడం ఎలా? ఇది నువ్వు బొత్తిగా మరిచావు. కంప్యూటర్లో వెనక్కి వెళ్ళే మీట ఉంటుంది. ఫోన్లో వెనక్కి నొక్కితే చాలా యాప్‌లు పుస్తకమే మూసేస్తాయి. ప్రతి అర్థం చివర "కథకు" అని ఒక లింకు ఉండాలి, అది బయల్దేరిన చోటికే చేరాలి. వర్డ్‌లో రెండు చోట్లా బుక్‌మార్కు పెడితే చాలు. ఇంకో చిన్న సంగతి. లోపలి లింకు ఎక్కడికి పోవాలో చెప్పేటప్పుడు, చేరాక పేజీ ఎంత పెద్దదిగా కనబడాలో కూడా అందులో చెప్పవచ్చు. పేజీ మొత్తం కనబడాలి అని ఉంటే, పిల్లవాడు పెద్దది చేసుకుని చదువుకుంటున్న అక్షరం లింకు నొక్కగానే చీమ తలంత అయిపోతుంది. చదివేవాడి జూమ్ అలాగే ఉండాలి అన్న ఎంపిక ఉంది, ఇన్‌హెరిట్ జూమ్ అంటారు. అది పెట్టు.

ఇంత విన్నాక నువ్వు అడగబోయేది నాకు తెలుసు. "ఇన్ని తంటాలు పడే బదులు ఒక వెబ్‌సైటు పెట్టేస్తే పోలా?" అని. ఆలోచించాను, బావా. వెబ్‌సైటుకు ఏటా డబ్బు కట్టాలి, ఎవరో ఒకరు కాపలా కాయాలి. మనం కట్టడం మానేసిన ఏడు అది పోతుంది. పీడీఎఫ్ అలా కాదు. అడోబీ సంస్థకు చెందిన జాన్ వార్నాక్ 1991లో ఆ ఆలోచన రాసుకున్నది, ఏ యంత్రంలో తెరిచినా పేజీ ఒకేలా ఉండాలని. 1993లో బయటికి వచ్చింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఫాంటు ఫైల్లోనే పొదిగి ఉంటుంది కాబట్టి మన ఒత్తులూ గుణింతాలూ ఏ పాత ఫోన్లోనూ చెదరవు. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోతుంది. నెట్ లేని ఊళ్ళో కూడా తెరుచుకుంటుంది. కాగితాన్ని నమ్మకంగా మోయడానికి పుట్టిన పద్ధతి కాబట్టి లింకుల విషయంలో మనమే శ్రద్ధ పెట్టాలి, అంతే. అన్నట్టు, మీ నాన్నగారి వ్యాసాలు పాత అను ఫాంట్లలో ఉన్నాయి కదా, వాటిని ఏం చేయాలని అడిగావు. అక్కడ కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, వెతికితే మాట దొరకదు. లింకులు మాత్రం నిక్షేపంగా పనిచేస్తాయి, ఎందుకంటే ఇందాక చెప్పినట్టు లింకుకు కింద ఏ అక్షరం ఉందో పట్టదు. కాబట్టి యూనికోడ్‌లోకి మార్చే దాకా ఆగకుండా మామయ్య వ్యాసాలు కూడా చేర్చేయవచ్చు.

చూపు మందగించిన పెద్దవాళ్ళు కూడా ఈ పుస్తకం వింటారు. వాళ్ళ ఫోన్ పేజీని పైకి చదువుతుంది, లింకు వచ్చినప్పుడు దాని పేరు చెబుతుంది. నువ్వు ప్రతి చోటా "ఇక్కడ నొక్కండి" అని పెట్టావు. వినేవారికి ఎక్కడ నొక్కితే ఏమొస్తుందో ఎలా తెలుస్తుంది? "గోదాదేవి, శబ్దం" అని పెట్టు, "తులసి, అర్థం" అని పెట్టు. అందరూ చదవగలిగే పీడీఎఫ్‌కు 2012లో వచ్చిన ప్రమాణం కూడా లింకుకు వివరణ ఉండాలనే అంటుంది. నీ "ఇక్కడ నొక్కండి"లన్నీ తీసెయ్. అవి తీస్తే పేజీ కూడా తేలిక పడుతుంది, నీకు నచ్చుతుంది.

అచ్చు వేయించే ప్రతుల్లో లింకు ఉండదు కదా అన్న బెంగ వద్దు. ప్రతి అధ్యాయం చివర ఒక క్యూఆర్ కోడ్ వేద్దాం. 1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క కోసం డెన్సో వేవ్ వాళ్ళు చేసిన గళ్ళ చతురస్రం ఈనాడు మన ఊళ్ళో కూరగాయల బండి మీద కూడా ఉంది. దాన్ని ఎలా వాడాలో పిల్లలకు చెప్పక్కర్లేదు. ఇక్కడి ఇళ్ళకు, శ్రీవిల్లిపుత్తూరు తేరుకు వచ్చే మనవాళ్ళకు అచ్చు ప్రతే ఇద్దాం. ఫోన్ ఎత్తితే అత్తయ్య గొంతు వస్తుంది.

చివరగా, కవరు వేరుగా, కథ వేరుగా, అర్థాలు వేరుగా పీడీఎఫ్‌లు చేసి ఆ తర్వాత అతికించకు. అతికించే పనిముట్లలో కొన్ని లోపలి లింకులను తెంచేస్తాయి. అన్నీ ఒకే పత్రంలో ఉంచి ఒక్కసారే ఎక్స్‌పోర్ట్ చెయ్యి. సైజు తగ్గించాలంటే బొమ్మలను ముందే తగ్గించు, తయారైన పీడీఎఫ్‌ను మళ్ళీ ప్రింటు దారిలోకి తోయకు. తయారయ్యాక నీ మ్యాక్‌లో కాకుండా, నీకు దొరికిన చవక ఫోన్లో వాట్సాప్ ద్వారా పంపుకుని తెరిచి, ప్రతి లింకూ నీ వేలితోనే నొక్కి చూడు. ప్రతి లింకూ అంటే ప్రతి లింకూ. పిల్లలు ఏది ముందు నొక్కుతారో మనకు తెలియదు.

అత్తయ్యను అడిగానని చెప్పు. ఆవిడ ఓపిగ్గా ఉన్న పూట చూసుకుని, పంకా ఆపి, అర్థాల పట్టికలోని మాటలు ఒక్కొక్కటి రెండేసి సార్లు చెప్పించి, ఒక్కో మాటను ఒక్కో ఫైలుగా నాకు పంపు. మన ఇంటి పలుకుబడే ఉండనీ, సరిదిద్దకు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టే పని నేను చూసుకుంటాను. అడ్రసులు చేతికి వచ్చిన రోజే నీకు రాస్తాను, నువ్వు ఆ వారంలో లింకులు ఇచ్చి పంపేస్తే దీపావళికి ఇక్కడి పిల్లల ఫోన్లలో పుస్తకం ఉంటుంది.

నీ బావ